కాదని రాసియ్యండి

ఆ ఇద్దరు ఆడపిల్లలూ మొదటిసారి తన బల్ల దగ్గరికి వచ్చిన రోజున సాయమ్మ వాళ్లను నలుగురిలో తిట్టి వెళ్లగొట్టింది. తర్వాత ఎవరడిగినా ఆమె ఈ సంగతి దాచేది కాదు. కథ అక్కడినుంచే చెప్పేది.

కోరుట్లలో ఆఫీసుల వీధిలో ఒక రేకుల పందిరి కింద అర్జీలు రాసేవాళ్లు నలుగురు కూర్చునేవారు. ముగ్గురు మగవాళ్లు. నాలుగో మనిషి సాయమ్మ. యాభై ఒక్క ఏళ్లు. కొడిమ్యాలలో కూలినాలి చేసుకునే క్రైస్తవుల ఇంట పుట్టి, మిషన్ బడిలో పదో తరగతి దాకా చదివింది. ఆ బల్ల ఆమె భర్తది. ఆయన చనిపోయిన పదిహేనో నాడు ఆమె వచ్చి అక్కడ కూర్చుంటే, మిగతా ముగ్గురూ బల్లను ఎత్తి రోడ్డు మీద పెట్టారు. ఆమె ఆ రోడ్డు మీదే కూర్చుని వారం రోజులు అర్జీలు రాసింది. ఎనిమిదో నాడు వాళ్లే జరిగి జాగా ఇచ్చారు. అది జరిగి పదకొండేళ్లు. పింఛన్లు, పట్టాలు, బీడీ కార్మికుల పీఎఫ్ కాగితాలు, ఏదైనా రాసేది. రాత ముత్యాల్లా ఉంటుంది, నోరు మాత్రం మంచిది కాదని ఊళ్లో ఆమెకు పేరు.

అది 2013 ఏప్రిల్. చౌరస్తాలో తెలంగాణ దీక్షా శిబిరం మూడేళ్లుగా నడుస్తూనే ఉంది. శిబిరంలో అట్టల మీద, బ్యానర్ల మీద కనబడే రాతలన్నీ సాయమ్మవే.

"పెండ్లి అర్జీ రాయాలె మేడం," అంది పొడుగ్గా ఉన్న పిల్ల.

సాయమ్మ తెల్లకాగితం తీసి పెట్టుకుంది. "పేర్లు చెప్పుండ్రి."

"సంగీత. ప్రవళిక."

"పిలగాని పేరు అడుగుతున్న. ఏడి, రాలేదా?"

"పిలగాడు లేడు మేడం. మా ఇద్దరి పెండ్లే."

పక్క బల్ల దగ్గర ఒకతను కిసుక్కున నవ్వాడు. తనను నవ్వులపాలు చెయ్యడానికి ఆ ముగ్గురే ఈ పిల్లల్ని పంపించి ఉంటారని సాయమ్మ అనుకుంది. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి వాళ్ల కాళ్ల ముందు పారేసింది.

"నన్ను బనాయిస్తున్నరా? లేవుండ్రి ఈడికెళ్లి. సిగ్గు, శరం ఉన్నదా మీకు? మీ అవ్వయ్యలు గిందుకేనా మిమ్ముల కన్నది?"

రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. పిల్లలిద్దరూ లేచి రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చున్నారు. మర్నాడు మళ్లీ వచ్చి అక్కడే కూర్చున్నారు. మూడో నాడూ వచ్చారు. సాయమ్మ తల ఎత్తలేదు.

మూడో నాడు పదకొండు గంటలకు ఒక ట్రాలీ ఆటో వచ్చి హోటల్ ముందు ఆగింది. అందులోంచి దిగిన ముగ్గురిలో ఇద్దరు నేరుగా బెంచీ దగ్గరికి పోయి సంగీత జడ పట్టుకుని ఈడ్చారు. ప్రవళిక అడ్డం పోతే ఆమెను తోసేశారు. మూడోవాడు, ముప్పై ఏళ్ల మనిషి, రోడ్డు దాటి సాయమ్మ దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"అవ్వా, నేను సంగీతోళ్ల అన్నను. గణేశ్. సిరిసిల్ల మాది. వీళ్లను తరిమింది నువ్వేనట గదా, అందరు చెప్తున్నరు. పుణ్యం కట్టుకున్నవ్. నీ అసొంటి పెద్దమనుషులు ఉండవట్టే మా ఇజ్జత్ నిలవడ్డది."

అతని భుజం మీదుగా సాయమ్మకు ఆటో కనిపిస్తోంది. సంగీత చెప్పు ఒకటి రోడ్డు మీద ఊడిపడింది. జడ పట్టుకున్నవాడు ఆమె తలను బండి అంచుకు అదిమి పెట్టాడు. ఇక్కడేమో ఆ పిల్ల అన్న తనకు దండం పెడుతున్నాడు. పదకొండేళ్లలో ఆ వీధిలో సాయమ్మకు చేతులు జోడించి మెచ్చుకున్న మొదటి మగవాడు అతనే.

ఆమె పెన్ను, కాగితం తీసుకుని లేచింది. రోడ్డు దాటి ఆటో ముందు నిలబడింది.

"నీ తండ్రి పేరు చెప్పు."

"ఎందుకవ్వా?" అంటూ గణేశ్ వెనకాలే వచ్చాడు.

"చెప్పు. ఇంటిపేరు గూడ చెప్పు. బండి నంబరు నేను రాసుకున్న. పిల్లా, నీకెన్నేండ్లు?"

"ఇరవై నాలుగు," అని సంగీత అరిచింది.

"ఇరవై నాలుగేండ్ల మనిషిని జుట్టు వట్టి గుంజుకపోతే ఏ సెక్షన్ పడ్తదో నాకు తెలుసు. ఈడ రాసి, గా స్టేషన్ల ఇచ్చి, రశీదు తెచ్చుకుంట. నువ్వు సిరిసిల్ల చేరేలోపట ఫోను వస్తది."

"మా చెల్లె అవ్వా ఇది. మా ఇంటి ముచ్చట."

"ఇంటి ముచ్చటయితే ఇంట్ల మాట్లాడు. ఇది రోడ్డు."

అప్పటికే జనం మూగారు. గణేశ్ వాళ్ల ముఖాలు చూసి, మనుషులకు సైగ చేశాడు. జడ వదిలారు. ఆటో ఎక్కబోతూ సాయమ్మ చేతిలోని కాగితం మీద ఉమ్మేశాడు.

"మంచిదానివనుకున్న. మళ్ల వస్త. అప్పుడు నువ్వు గూడ ఉంటవ్ గదా."

ఆటో పోయాక సాయమ్మ ఆ కాగితాన్ని గోడకు రుద్ది తుడిచి, మడిచి బల్ల సొరుగులో పెట్టింది. పిల్లల్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఒక్క మాట ముందుగల్నే చెప్తున్న. నేను మీ దిక్కు కాదు. మీరు చేసేది నా మనసుకు వడ్తలేదు. మా చర్చిల వినవడితే నన్ను బయటకు నూకుతరు. కానీ గట్ల గుంజుకపోవుడు నేను చూడలేను."

"మీ మనసు మాకెందుకు మేడం," అంది ప్రవళిక. ఆమె మోచేతి నుంచి రక్తం కారుతోంది. "మాకు మీ రాత కావాలె."

ఆ జవాబు సాయమ్మకు నచ్చింది. నచ్చినట్టు పైకి చెప్పలేదు.

సంగీతది సిరిసిల్లలో పద్మశాలీల ఇల్లు. మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టేది. ప్రవళికది ఎల్లారెడ్డిపేట. భూమి లేని కూలీల బిడ్డ. సిరిసిల్లకు వచ్చి లంగాలు కుట్టే షెడ్డులో పనికి కుదిరింది. రెండు షెడ్లకూ మధ్య ఒకటే గోడ. నాలుగేళ్ల స్నేహం. పోయిన ఏడాది సంగీతకు కడుపులో గడ్డ అయి ఆపరేషను చేయాల్సి వస్తే, తీసుకుపోయిన ప్రవళికను డాక్టరు "నువ్వు ఈమెకు ఏమైతవు?" అని అడిగాడట. ఏమీ కాననే చెప్పాల్సి వచ్చింది. సంతకానికి అన్న వచ్చేదాకా ఆపరేషను ఆగింది. ఇప్పుడు ఆ అన్నే సంబంధం ఖాయం చేశాడు. ఇద్దరూ ఇల్లు విడిచి వచ్చారు.

"కాగితం ఉంటే ఎవ్వలు గుంజుకపోలేరు మేడం," అంది సంగీత.

ముందు వాళ్లు ఉండటానికి చోటు కావాలి. సాయమ్మ ఇంట్లో రెండు గదులున్నాయి. ఆమె ఒక్కతే ఉంటుంది. అయినా వాళ్లను అక్కడికి తీసుకుపోలేదు. చర్చివాళ్లు, వాడవాళ్లు ఏమంటారోనని వెనక్కి తగ్గింది. వాగు అవతలికి, నూర్ బేగం గుడిసెకు తీసుకుపోయింది.

నూర్ బేగం, ఆమె భర్త సలామత్, ఇద్దరు ఆడపిల్లలు బర్మా నుంచి ప్రాణాలు చేతపట్టుకుని పారిపోయి వచ్చినవాళ్లు. హైదరాబాదులో కొన్నాళ్లుండి, పాత ఇనుము ఏరుకోవడానికి ఆ ముందటి చలికాలంలో కోరుట్లకు చేరి, వాగు పక్క టార్పాలిన్ కట్టుకున్నారు. వాళ్లను వెళ్లగొట్టమని అర్జీ రాయించుకోవడానికి వాడ పెద్దలు సాయమ్మ దగ్గరికే వచ్చారు. ఆమె రాయనంది. పైగా శరణార్థుల కార్డుల నకళ్లు పెట్టి, నూర్ బేగం తరఫున అర్జీ రాసింది. ఖాళీ చేయమని నోటిమాటగా చెప్పడానికి వచ్చిన ప్రతి మనిషినీ "పొమ్మని రాసియ్యుండ్రి, పోతరు" అని నిలదీసింది. ఎవరూ రాసివ్వలేదు. వాళ్లు ఉండిపోయారు.

శిబిరం నడిపే రాజం సారు, రిటైరైన పంతులు, అప్పుడే ఆమెతో అన్నాడు. "సాయమ్మా, బయటోళ్లు పోవాలని మనం మూడేండ్లసంది కొట్లాడుతున్నం. నువ్వేమో బయటోళ్లకు అర్జీలు రాస్తున్నవ్."

"మనం కొట్లాడేది మన మీద పెత్తనం చేసేటోళ్లతోని సారూ. ఇనుప ముక్కలు ఏరుకునేటోళ్లతోని కాదు."

ఆ మాటకు ఆయన ముఖం మాడ్చుకున్నాడు గాని, బ్యానర్లు రాసే మనిషి కావాలి గనుక ఊరుకున్నాడు.

నూర్ బేగం మాట ఉర్దూ. వచ్చిన కొన్ని నెలల్లో కొంత తెలుగు కూడా అంటుకుంది. సంగీతనూ ప్రవళికనూ ఎగాదిగా చూసి, "ఎవరు?" అని అడిగింది.

"అక్కచెల్లెళ్లు. ఇష్టం లేని పెండ్లి చేస్తున్నరని వచ్చిండ్రు. నెలరోజులు ఉంచుకో."

"సగీ బెహెన్?"

"సొంత అక్కచెల్లెళ్లే."

నూర్ బేగం మరోసారి అదే అడిగింది. సాయమ్మ మరోసారి అదే చెప్పింది. అబద్ధం చెప్పానని ఆమెకు తెలుసు. చిన్న అబద్ధమే కదా అనుకుంది.

భర్త వదిలిపోయిన చట్టాల పుస్తకాలు ఇంట్లో ఒక ట్రంకు నిండా ఉన్నాయి. వాటిలో ప్రత్యేక వివాహాల చట్టం తెలుగు ప్రతి దొరికింది. మతం, కులం అడగకుండా సర్కారు చేసే పెళ్లిళ్ల చట్టం అది. నాలుగో సెక్షను దగ్గర సాయమ్మ వేలు ఆగింది. "ఎవరేని ఇద్దరు వ్యక్తుల మధ్య" అని ఉంది. ఆ వాక్యాన్ని పైకి చదివింది. ఇద్దరు వ్యక్తులు. కింద వయసు దగ్గర మాత్రం పురుషుడికి ఇరవై ఒకటి, స్త్రీకి పద్దెనిమిది అని ఉంది. అక్కడ తంటా వస్తుందని ఆమెకు తెలియకపోలేదు. అయితే ఇద్దరికీ ఇరవై ఒకటి దాటింది కదా అని తనకు తానే వాదించుకుంది. కాదంటే కాదని రాసిస్తారు. కాగితం మీద కాదన్నది ఏదైనా కోర్టుకు పోతుంది. నోటితో కాదన్నది ఎక్కడికీ పోదు. పదకొండేళ్లలో ఆమె నేర్చుకున్నది అంతే.

రిజిస్ట్రారు ఆఫీసులో అధికారి ఆమె రాసిన పెళ్లి నోటీసు కాగితం చదివి, పగలబడి నవ్వాడు.

"సాయమ్మా, ఎండ దెబ్బ తాకిందా ఏంది?"

"నాకు ఏం తాకితేంది సారు. తీసుకోని ముద్ర కొట్టుండ్రి."

"తీసుకోను."

"తీసుకోనని రాసియ్యండి."

"రాసియ్యను. పో."

మర్నాడు పిల్లల్ని తీసుకుని మళ్లీ పోయింది. ఆ మర్నాడూ పోయింది. ఆఫీసు తెరవగానే ముగ్గురూ ఆయన బల్ల ముందు నిలబడేవారు. మొదట్లో గుమస్తాలు నవ్వేవారు. తర్వాత విసుక్కున్నారు. తర్వాత బూతులు మొదలుపెట్టారు. ఒకతను సంగీత వినేలా "మీ ఇద్దరిట్ల మొగోడెవలు?" అని రోజూ అడిగేవాడు. పందొమ్మిదో నాడు ప్రవళిక అతని బల్ల మీది ఫైళ్లన్నీ నేలకేసి కొట్టింది. ఆ రోజు నుంచి గేటు దగ్గరే ఆపేశారు. సాయమ్మ దగ్గర అర్జీలు రాయించుకునేవాళ్లు పక్క బల్లలకు మళ్లారు. చర్చిలో పాస్టరు ఆమెకు బల్లారాధనలో రొట్టె ఇవ్వకుండా దాటిపోయాడు. ఆమె నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది. ఆనాటి అవమానం తర్వాత ఎన్నడూ ఆమెకు మానలేదు.

జూన్ మొదటి వారం. చలో అసెంబ్లీకి హైదరాబాదు పోయే ఏర్పాట్లతో శిబిరం కిటకిటలాడుతోంది. సాయమ్మ బ్యానర్లు తెచ్చి ఇచ్చి, మైకు అడిగింది. ఆమె ఎప్పుడూ మైకు అడిగిన మనిషి కాదు. రాజం సారు ఇచ్చాడు.

"మనం ఏమంటున్నం?" అని మొదలుపెట్టింది సాయమ్మ. "మా బతుకు మేమెట్ల బతకాల్నో మేమే చెప్పుకుంటం, ఇంకొకలు చెప్పొద్దంటున్నం. గంతే గదా! సిరిసిల్ల పిల్లలిద్దరు గదే అంటున్నరు. పెండ్లి చేసుకుంటమంటే ఆఫీసోళ్లు కాదంటున్నరు. కాదన్నా మంచిదే, కాదని రాసియ్యమంటే రాసిస్తలేరు. మనం పదిమందిమి పోయి నిలవడితే రాసిస్తరు. నాతోని ఎవలొస్తరు?"

క్షణంసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆడవాళ్లలో గుసగుస లేచింది. వెనకనుంచి ఎవరో "థూ" అన్నారు. మైకు తీగ ఎవరో పీకేశారు. ఒక నీళ్ల ప్యాకెట్టు వచ్చి ఆమె భుజానికి తగిలి పగిలింది.

"నోరు ముయ్యి," అన్నాడు రాజం సారు. "పిల్లలు పానాలిచ్చిన ఉద్యమం ఇది. దీన్ని నవ్వులపాలు చేస్తివి. ఇయ్యాల్టిసంది శిబిరం మెట్లెక్కకు."

"శిబిరానికి మెట్లేడున్నయ్ సారూ? పరదా మీదనే గదా కూసుంటున్నం," అంది సాయమ్మ, తడిసిన కొంగు పిండుకుంటూ. తాను రాసిన బ్యానర్లు అక్కడే వదిలి వచ్చేసింది.

మైకులో ఆమె అన్న మాట సిరిసిల్ల దాకా పాకింది. మూడో నాడు మధ్యాహ్నం, నూర్ బేగం గుడిసె మీద పడ్డారని కబురు వచ్చింది. ఆమె వాగు దాటేసరికి పని అయిపోయింది. టార్పాలిన్‌ను కత్తితో నిలువునా చీరేశారు. వంట గిన్నెలు వాగులో పడి ఉన్నాయి. సలామత్ రిక్షా చక్రాలు వంగిపోయాయి. అతని నుదుటి మీద గుడ్డ కట్టి ఉంది. వచ్చినవాళ్లలో గణేశ్, అతని మనుషులు ఉన్నారు. వాళ్ల వెంట వాడవాళ్లు, సాయమ్మకు పేరుపేరునా తెలిసిన శిబిరంవాళ్లు కూడా ఉన్నారు. సంగీత, ప్రవళిక అప్పుడు గుడిసెలో లేరు, సాయమ్మ పంపిన పని మీద జిరాక్సు దుకాణానికి పోయారు. వాళ్లు దొరకలేదన్న కోపమంతా ఆ ఇంటి మీద తీర్చుకున్నారు.

నూర్ బేగం బట్టలు మూట కడుతోంది. కూతుళ్లిద్దరూ ఆమె వెనక నక్కి కూర్చున్నారు.

"పేర్లు చెప్పు. ఇప్పుడే స్టేషన్‌కు పోదాం. నేను రాస్త," అంది సాయమ్మ.

నూర్ బేగం మూట ముడి బిగించి, తల ఎత్తింది.

"సగీ బెహెన్ అన్నవ్."

సాయమ్మ తీసిన పెన్నును మళ్లీ సంచీలో పెట్టుకుంది.

"రెండుసార్లు అడిగిన. రెండుసార్లు అన్నవ్. నిజం చెప్తే నేను రమ్మందునో, ఒద్దందునో. నన్ను అడగాలె గదా. ఇది నా ఇల్లు." చీలిన టార్పాలిన్ వైపు చెయ్యి చూపించింది. "బర్మాల మా ఇల్లు కాలబెట్టినోళ్లు గూడ మమ్ముల అడగలే."

"తప్పయింది నూర్ బేగం."

"నీకు ఇల్లున్నది. రెండు గదులున్నయ్. నీ ఇంట్ల ఎందుకు పెట్టుకోలే?"

సాయమ్మ వాగులోకి దిగి, గిన్నెలు ఏరి తెచ్చి మూట పక్కన పెట్టింది. సాయంత్రం బస్సుకు నూర్ బేగం కుటుంబం హైదరాబాదు వెళ్లిపోయింది. బస్సు ఎక్కించడానికి సాయమ్మ పోతే, సలామత్ చేతులు అడ్డం పెట్టి దగ్గరికి రానివ్వలేదు.

ఆ రోజే ఆమె పిల్లలిద్దరినీ తన ఇంటికి తెచ్చుకుంది. వాడవాళ్లు ఇంటి మీద రాళ్లు వేశారు. గోడ మీద బొగ్గుతో బూతులు రాశారు. ఆమె ఆ గోడను కడగలేదు. చదివినవాడు తన పిల్లలకు అర్థం చెప్పుకోనీ అంది. ఇంట్లో కూడా మంచి మాటలేమీ లేవు. తమవల్లే నూర్ బేగం ఇల్లు పోయిందని సంగీత ఏడుస్తుంటే, "ఏడ్వకు, తప్పు నాది, నీకేం తెల్వది," అని కసిరేది. గుడిసె కూల్చినవాళ్ల పేర్లు పదహారు రాసి ఫిర్యాదు పట్టుకుని స్టేషన్‌కు పోతే తీసుకోలేదు. రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రశీదు దాచింది.

అదే పోస్టాఫీసు మెట్ల మీద ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. తీసుకోమంటే తీసుకోరు, రాసియ్యమంటే రాసివ్వరు. సమాచార హక్కు కింద అడిగితే ఏదో ఒకటి రాయక తప్పదు. "సంగీత, ప్రవళిక అను ఇద్దరు వ్యక్తుల వివాహ నోటీసు స్వీకరించకపోవుటకు కారణము తెలుపగలరు," అని రాసి పోస్టులో వేసింది. నెల గడువు దాటిపోయింది. ఇంకో పదిహేను రోజులు పోయాయి.

జూలై ఆఖరున ఢిల్లీలో తెలంగాణ ప్రకటన వచ్చింది. కోరుట్ల వీధులన్నీ గులాలుతో ఎర్రబడ్డాయి. పటాకులు పేల్చారు, డప్పులు కొట్టారు, ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా కౌగిలించుకున్నారు. సాయమ్మ బల్ల దగ్గరే కూర్చుంది. ఊరేగింపు ఆమె ముందు నుంచే పోయింది. అందులో ఆమె రాసిన బ్యానరు ఉంది. ఆమె మీద చిటికెడు రంగు వేసినవాళ్లు లేరు. ఆమెకు సంతోషంగానే ఉంది. ఆ సంతోషం ఎవరితో చెప్పుకోవాలో తెలియక కోపం కూడా వచ్చింది.

ఆ మర్నాడు పోస్టుమాన్ కవరు తెచ్చాడు. లోపల నాలుగు వరసల కాగితం. "సదరు దరఖాస్తునందు వధువులు ఇరువురు కలరు. వరుడు లేడు. కావున చట్టరీత్యా తిరస్కరించడమైనది." కింద సంతకం, ముద్ర, నంబరు.

ప్రవళిక చదివి ఆ కాగితాన్ని నేలకేసి కొట్టబోయింది. సాయమ్మ చెయ్యి పట్టుకుంది.

"చింపకు. గిది కాగితం. గిప్పుడు మీరిద్దరు ఉన్నరని సర్కారు ఒప్పుకున్నది."

"వద్దని ఒప్పుకున్నది మేడం."

"ముందు ఉన్నరని, తర్వాత వద్దని. గిన్ని రోజులు మీరు లేనే లేరు వాళ్లకు."

జగిత్యాలలో సునీల్ అనే కుర్ర వకీలు అప్పీలు వేయడానికి ఒప్పుకున్నాడు. అతనూ భయపడుతూనే ఒప్పుకున్నాడు. వాయిదాలకు పోయిన ప్రతిసారీ కోర్టు ఆవరణలో వీళ్లను చూడటానికే జనం చేరేవారు. ఒకసారి సంగీత తల్లి కనకవ్వ వచ్చి, గేటు దగ్గరే నిలబడి, బిడ్డను కళ్లారా చూసి, సిరిసిల్ల బస్సెక్కి పోయింది. డిసెంబరు పదకొండున ఢిల్లీలో పెద్ద కోర్టు తీర్పు చెప్పింది. ఇలాంటి సంబంధాలు నేరమన్న పాత సెక్షనే చెల్లుతుందని టీవీలో చదివారు. సునీల్ మర్నాడే ఫోను చేశాడు.

"అప్పీలు వాపస్ తీసుకుందాం అక్కా. గిప్పుడు వాదిస్తే పిల్లల మీదనే కేసు పెడ్తరు."

"వాపస్ తీసుకోం," అంది పక్కనే ఉన్న సంగీత. ఎప్పుడూ మెల్లగా మాట్లాడే పిల్ల. "కొట్టేస్తే కొట్టేయనియ్యి. కాదని వాళ్లనే రాయమను."

కొట్టేశారు. ఒకే ఒక్క పేజీ తీర్పు. కేసు మాత్రం ఎవరూ పెట్టలేదు. సంగీత, ప్రవళిక కోరుట్లకు తిరిగి రాలేదు. జగిత్యాలలోనే ఒక మేడ మీద గది దొరికింది. ఇంటాయన అడిగితే ప్రవళిక నిజమే చెప్పింది. ఆయన రెండు రోజులు ఆలోచించి, "పొద్దుమాపు లొల్లి లేకుంటె సాలు," అని తాళంచెవి ఇచ్చాడు. రెండు కుట్టుమిషన్లు వేసుకుని లంగాలు కుడుతున్నారు. గణేశ్ రెండుసార్లు వచ్చి కింద నిలబడి తిట్టిపోయాడు. మూడోసారి ఇంటాయనే కర్ర పట్టుకుని దిగాడట.

ఫిబ్రవరిలో తెలంగాణ బిల్లు పాసైన వారానికి సాయమ్మ హైదరాబాదు బస్సెక్కింది. బాలాపూర్ దిక్కున బర్మావాళ్ల గుడిసెలున్నాయని విని, నాలుగు చోట్ల అడిగి, రెండో రోజు పొద్దున నూర్ బేగంను పట్టుకుంది.

నూర్ బేగం ఆమెను చూసి లోపలికి పోయింది. చాలాసేపటికి గాని బయటికి రాలేదు. సాయమ్మ ఎండలో నిలబడే ఉంది. కూర్చోమనలేదు. మంచినీళ్లు ఇవ్వలేదు.

"ఎందుకొచ్చినవ్?"

"తప్పయిందని చెప్పుదామని."

"చెప్పినవ్ గదా. పో."

సాయమ్మ కదల్లేదు. నూర్ బేగం చిన్నబిడ్డ తలుపు సందులోంచి తొంగిచూసింది. ఆ పిల్లను దగ్గర్లోని బడిలో చేర్చుకోవడం లేదని, పుట్టిన కాగితం తెమ్మంటున్నారని పక్క గుడిసె ముసలామె నోరు జారింది. నూర్ బేగం ఆమె వైపు కోపంగా చూసింది.

"చేర్చుకోం అని రాసియ్యమన్నవా?" అని అడిగింది సాయమ్మ.

"నువ్వు రాసింది నాకొద్దు. నువ్వు ఒకటి చెప్తవ్, ఒకటి చేస్తవ్."

"రాసింది రాసినట్టు చదివి వినిపిస్త. నీకిష్టం లేని మాట ఉంటే కొట్టేస్త."

నూర్ బేగం లోపలికి పోయి ఒక చెక్కపీట తెచ్చి, సాయమ్మకు కాస్త దూరంగా పడేసింది. సాయమ్మ సంచీలోంచి కాగితం తీసి, మోకాలి మీద అట్ట పెట్టుకుని, పిల్లను బడిలో చేర్చుకోవాలని విద్యాధికారికి అర్జీ రాసింది. రాసి, వరసకు వరస ఉర్దూలో అర్థం చెప్పింది. నూర్ బేగం కళ్లు మూసుకుని విన్నది. మళ్లీ చదవమంది. మూడోసారి కూడా చదివించింది.

"ఆ మాట ఏంది? 'దిక్కులేనివారము'?"

"అర్జీల గట్ల రాస్తరు. జాలి కలుగుతదని."

"కొట్టేయ్."

సాయమ్మ ఆ మాటను కొట్టేసింది. కొట్టివేత బాగుండదని, ఆమె చెప్పకముందే కొత్త కాగితం తీసి మొత్తం మళ్లీ రాసింది. నూర్ బేగం వేలిముద్ర వేసి, కాగితాన్ని తన చేతిలోకి తీసుకుంది. "ఆఫీసుకు నేనే తీస్కపోత. నువ్వు రాకు," అంది. సాయమ్మ సరేనంది.